పడుకున్న వాళ్ళ లెక్క

గోదావరిఖని,
జులై 29.

సదయ్య మామకు, నీ మేనకోడలు సంతోషి రాసేది.

నీ చెవి మిషను ఇంకా బీరువాలోనే ఉందని అత్త చెప్పింది. పెట్టుకుంటే అందరి మాటా వినాల్సి వస్తుందని భయమా? నువ్వు ఫోను ఎత్తవు, ఎత్తినా ఆఁ, ఆఁ తప్ప ఇంకో మాట అనవు. నీ పుణ్యాన ఈ కాలంలో కూడా పోస్టాఫీసుకు పోయి కవర్లు కొనే ఆడదాన్ని ఈ ఖనిలో నేనొక్కదాన్నే. కౌంటరులో అమ్మాయి నన్ను చూస్తేనే నవ్వుతుంది.

ఇక్కడ వానలు పట్టుకున్నాయి. వానలతో పాటే జ్వరాల సర్వే మొదలైంది. నా కింద మూడు లైన్ల క్వార్టర్లు, నూట యాభై రెండు ఇళ్ళు. వారానికి ఒక చుట్టు తిరగాలి. తలుపు తట్టి జ్వరం ఉందా అని అడగాలి, ఉంటే రక్తం తీయించాలి, డ్రమ్ముల్లో, కూలర్లలో దోమ పురుగులుంటే పారబోయించాలి. శుక్రవారం సాయంత్రానికి లెక్క పైకి పోతుంది. ఆ లెక్క చూసే ఏ బస్తీకి పొగబండి పంపాలో, ఎక్కడ క్యాంపు పెట్టాలో వాళ్ళు నిర్ణయిస్తారు.

పోయిన వారం కాలువ అవతలి బస్తీలో పదకొండు జ్వరాలు వస్తే నా లైన్లలో రెండే. మా ఏఎన్ఎం సంధ్యారాణి మేడం మీటింగులో నన్ను నిలబెట్టి, "సంతోషిని చూసి నేర్చుకోండ్రి" అన్నది. ఈ ఆశా పనిలో చేరి ఎనిమిదేళ్ళయింది, నాకు చప్పట్లు పడటం ఇదే మొదటిసారి. బెల్లంపల్లిలో మలేరియా సారుగా ముప్పై ఏళ్ళు తిరిగిన మా మామ నేర్పిన పని అని అందరికీ చెప్పాను.

నీ మొదటి పాఠం ఇప్పటికీ తప్పలేదు. గడప ముందు డ్యూటీ బూట్లు బోర్లించి ఉంటే లోపల రాత్రి షిఫ్టు మనిషి పడుకున్నట్టు. ఆ తలుపు తట్టను. "పండుకున్న పామునన్న లేపు గని నైట్ షిఫ్టోన్ని లేపకు బిడ్డా. నిద్ర చాలకుంటె బొగ్గు బాయిల పానం పోతది" అని నువ్వు అన్నది నాకు బాగా గుర్తు.

మిషను పెట్టుకో. అత్తను అడిగానని చెప్పు.

సంతోషి


బెల్లంపల్లి,
ఆగస్టు 5.

బిడ్డా సంతోషీ,

మిషను సంగతి రాసినందుకు మీ అత్త నీ మీద సంతోషపడింది. నేను పడలేదు. అది పెట్టుకుంటే కుక్కరు కూత, టీవీ ఏడుపు ఒకేసారి చెవిలో పడతాయి. నాకు ఉత్తరమే నయం, రాసిన మాటను రెండోసారి చదవచ్చు.

నీ ఉత్తరం రెండోసారి చదివాకే ఒక అనుమానం వచ్చింది. కాలువ అవతల పదకొండు ఉంటే నీ దగ్గర రెండే ఎందుకున్నాయి? దోమకు కాలువ దాటడానికి టికెట్టు అక్కర్లేదు కదా. నా సర్వీసులో జ్వరాలు ఎక్కువ వచ్చిన చోట నేను భయపడలేదు. అక్కడికి మందు వస్తుంది, మనుషులు వస్తారు. తక్కువ వచ్చిన చోటే నాకు నిద్ర పట్టేది కాదు. జ్వరాలు లేకపోయినా అంకె తక్కువే వస్తుంది, చూసేవాడు చూడకపోయినా తక్కువే వస్తుంది. కాగితం మీద రెండూ ఒకే తీరుగా ఉంటాయి.

నీ ఇళ్ళలో బూట్లు బోర్లించి ఉండేవి ఎన్నో ఈసారి లెక్కపెట్టు. చప్పట్లకు మురిసిపో, తప్పులేదు, నేనూ మీ అత్తకు గొప్పగా చెప్పాను. కానీ లెక్కపెట్టు.

మామ సదయ్య


గోదావరిఖని,
ఆగస్టు 19.

మామకు,

నీ ఉత్తరం చదివాక చాలా రోజులు జవాబు రాయబుద్ధి కాలేదు. ఎనిమిదేళ్ళకు ఒకసారి చప్పట్లు పడితే అందులోనూ రాళ్ళు ఏరావు. సరే, లెక్కపెట్టాను. నలభై ఒకటి. ఈ మధ్య మా లైన్లలో రాత్రి షిఫ్టు వాళ్ళు పెరిగారు. ఆ ఇళ్ళలో ఆడవాళ్ళు ఉంటారు కదా, జ్వరం ఉంటే వాళ్ళే చెప్తారు.

రెండో లైన్లో అన్వర్ అన్న అని ఒకాయన ఉన్నాడు, డంపరు నడుపుతాడు. భార్య ఖుష్నుమా, ఇద్దరు ఆడపిల్లలు, తల్లి షహజాదీ బేగం. నాకు ఆపరేషన్ అయినప్పుడు ఖుష్నుమా పది రోజులు మా ఇంటికి రొట్టెలు పంపింది. అన్వర్ అన్నకు జ్వరం ముదిరి, రక్తకణాలు పడిపోయి, నిన్న కరీంనగర్ తీసుకుపోయారు. డెంగీ అంటున్నారు. నేను సర్వేకు పోయిన రోజు మాత్రం ఆయనకు జ్వరం లేదు. రిజిస్టర్లో ఉంది. ఎవరు అడిగినా చూపిస్తాను.

పొగబండి కాలువ దాకా వచ్చి వెనక్కి పోయింది. మా దగ్గర జ్వరాలు తక్కువ కనుక అవసరం లేదన్నారు.

సంతోషి


బెల్లంపల్లి,
ఆగస్టు 24.

బిడ్డా,

అన్వర్ ఎలా ఉన్నాడో ముందు అది రాయి.

రిజిస్టరు చూపించమని నేను అడగలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నువ్వే చూపిస్తానన్నావు. కోపం తెచ్చుకోకు. జ్వరం లేదని నీకు ఎవరు చెప్పారు? అతను చెప్పాడా, ఖుష్నుమా చెప్పిందా, థర్మామీటరు చెప్పిందా? ఒక్క ముక్క రాస్తే చాలు.

మామ


గోదావరిఖని,
సెప్టెంబరు 6.

మామా,

అన్వర్ అన్న పోయాడు. ఆగస్టు ఇరవై తొమ్మిదిన, పొద్దున. ముప్పై తొమ్మిదేళ్ళు.

నీ ఉత్తరం అంతకు రెండు రోజుల ముందే వచ్చింది. దిండు కింద పెట్టుకున్నాను. ఇప్పుడు జవాబు రాస్తున్నాను. నాకు ఎవరూ చెప్పలేదు. ఆగస్టు పదమూడున నేను పోయేసరికి గడప ముందు బూట్లు బోర్లించి ఉన్నాయి. ఖుష్నుమా తలుపు ఓరగా తీసి, పెదవుల మీద వేలు పెట్టి, "ఇప్పుడే కండ్లు మూసిండు అక్కా. రెండు దినాల సంది సరిగ నిద్ర లేదు. లేపకు" అన్నది. నిద్ర ఎందుకు లేదని నేను అడగలేదు. డ్రమ్ముకు మూత పెట్టమన్నాను. బయటికి వచ్చి, రిజిస్టరు గోడకు ఆనించి "జ్వరం లేదు" అని రాశాను. అప్పటికి ఆయన ఒళ్ళు రెండు రోజులుగా కాగిపోతున్నది. నాగా పడుతుందని మాత్ర వేసుకుని డ్యూటీకి పోతున్నాడు.

నలభై ఒక్క ఇళ్ళకూ అట్లాగే రాశాను, నాలుగు వారాల పాటు. రిజిస్టర్లో ఉంది, లేదు అని రెండే గళ్ళు. పడుకున్న వాళ్ళకు గడి లేదు. ఖాళీ వదిలితే మేడం ఊరుకోదు.

కరీంనగర్‌లో డాక్టరు షహజాదీ బేగంను, "పగలు పండుకునేటప్పుడు దోమతెర కడ్తరా?" అని అడిగాడట. పగలు ఎవరు కడతారు? డెంగీ దోమ పగలు కుడుతుందని ఇంటింటికీ తిరిగి చెప్పింది నేనే, కాగితాలు పంచింది నేనే. మరి పగలు పడుకునేవాళ్ళు ఎవరు అని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. సరిగ్గా వాళ్ళ తలుపులే వదిలేశాను. నా లైన్లలో జ్వరాలు తక్కువని చప్పట్లు కొట్టించుకున్నాను. పొగబండిని వెనక్కి పంపింది కూడా నా అంకే.

పదమూడున ఈ చావు మీద విచారణకు జిల్లా డాక్టరమ్మ వస్తుంది. సంధ్యారాణి మేడం నిన్న పిలిచి, "రిజిస్టర్ ముట్టకు. నువ్వు పోయినప్పుడు జ్వరం లేకుండె, తర్వాత వచ్చింది. గంతే. నీ నౌకరీ, నా నౌకరీ రెండూ అండ్లనే ఉన్నయ్" అన్నది. ఆమె చెడ్డ మనిషి కాదు, భయపడింది. నాకూ భయంగానే ఉంది. మా ఆయన పోయాక ఇల్లు నడిచేది ఈ పనితోనే.

నా మీద నాకు ఎంత కోపం ఉందో, నీ మీద అంత ఉంది. లేపకు అని నేర్పింది నువ్వు. ఇప్పుడు ఏం చెయ్యాలో కూడా నువ్వే చెప్పు.

సంతోషి


బెల్లంపల్లి,
సెప్టెంబరు 9.

సంతోషీ,

ఇది స్పీడు పోస్టులో పంపుతున్నాను.

నా మీద నీ కోపం న్యాయమే. అది ఇంకా ఎక్కువ ఉండాలి. ఎందుకో రాస్తాను. మీ అత్తకు కూడా తెలియని సంగతి.

నేను నీకు సగం పాఠమే చెప్పాను. రాత్రి షిఫ్టు వాణ్ణి పగలు లేపకు, సాయంత్రం ఐదింటికి వాడు లేచి చాయ్ తాగే వేళకు మళ్ళీ పో. మా పెద్ద ఇన్‌స్పెక్టరు నాకు నేర్పింది ఇది. రెండో సగం నీకు చెప్పకపోవడానికి కారణం, దాన్ని నేను చెయ్యలేదు. పొద్దంతా సైకిలు తొక్కి, సాయంత్రం మళ్ళీ అవే లైన్లకు పోవడానికి నాకు ఒళ్ళు వంగలేదు.

నెలకు ఇన్ని రక్తం స్లైడ్లు తేవాలని మాకు ఒక లెక్క ఉండేది. 1991 వానాకాలంలో ఆ లెక్కకు తక్కువ పడింది. పడుకున్న వాళ్ళ పేర్లు రాసి, నా ఎడమచేతి వేలే పొడుచుకుని స్లైడ్లు చేశాను. ఒక్క జులైలో పదకొండు. అన్నీ నెగెటివ్ వచ్చాయి. మా సెక్షన్లో మలేరియా లేదని రిపోర్టు పోయింది. లేనిది నాకు, బిడ్డా. ఆగస్టు పదిహేనున నాకు శాలువా కప్పారు. ఆ ఫోటో మా ఇంటి గోడకు నువ్వు చూశావు.

ఆ పదకొండు పేర్లలో ఒకటి రాజమల్లు, లస్మవ్వ పెనిమిటి. చలిజ్వరంతో దవాఖానకు పోతే అక్కడ అతని పేరున నేను పంపిన నెగెటివ్ చీటీ చూసి, మలేరియా కాదని వేరే మందులిచ్చారు. ఎనిమిదో రోజు జ్వరం మెదడుకెక్కి పోయాడు. నేను పాడె మోశాను. ఆ తర్వాత స్లైడ్లు ఎప్పుడూ అట్లా చెయ్యలేదు, కానీ నోరు విప్పి ఎవరికీ చెప్పనూ లేదు. తక్కువ అంకె చూస్తే నిద్ర పట్టేది కాదని గొప్పగా రాశాను కదా. ఎందుకు పట్టేది కాదో ఇప్పుడు రాస్తున్నాను.

మిగతా పది మంది ఎట్లా ఉన్నారో చూడటానికి కూడా నేను ఆనాడు పోలేదు. నీ నలభై ఇళ్ళ వాళ్ళు ఇంకా ఉన్నారు. విచారణ కోసం ఆగకు. ఈ ఉత్తరం అందిన సాయంత్రమే ఐదింటికి పో. ఒక్కొక్కరి నుదుటి మీద చెయ్యి పెట్టి చూడు. రిజిస్టర్లో రాసింది చెరపకు, తెల్లరంగు పూయకు. కొట్టివేసి, పక్కన "పడుకున్నారు, చూడలేదు" అని రాసి, దిద్దిన రోజు తారీఖు వేసి సంతకం పెట్టు.

నౌకరీ పోతే పోనీ అనే హక్కు నాకు లేదు. శాలువా కప్పుకుని పింఛను తింటున్నవాణ్ణి. అయినా రాస్తున్నాను.

సదయ్య


గోదావరిఖని,
సెప్టెంబరు 17.

మామా,

నీ ఉత్తరం పదకొండున మధ్యాహ్నం అందింది. చదివాక నీ మీద అసహ్యం వేసింది, దాచను. ఆ ఫోటో కింద కూర్చుని ఎన్నిసార్లు అన్నం తిన్నానో గుర్తొచ్చింది. తర్వాత గడియారం చూస్తే నాలుగున్నర. చెప్పులేసుకుని బయలుదేరాను.

రెండు సాయంత్రాల్లో నలభై ఇళ్ళూ తిరిగాను. మగవాళ్ళు అరుగుల మీద కూర్చుని చాయ్ తాగుతున్నారు. ఇంత సులువు, మామా. కొన్ని గంటలు ఆలస్యంగా పోతే అందరూ మెలకువగా దొరికారు. తొమ్మిది మందికి జ్వరం ఉంది. మొదటి లైను వీరేందర్ చిగుళ్ళ నుంచి రక్తం కారుతుంటే, "గిది జర్దా మరకనే అక్కా, ఫికర్ చెయ్యకు" అంటాడు. అప్పటికప్పుడు ఆటో ఎక్కించి దవాఖానకు పంపాను. తొమ్మిది మందిలో ఏడుగురికి డెంగీ అని తేలింది. వీరేందర్ ఇంకా మంచం మీదే ఉన్నాడు కానీ గండం గడిచింది.

రిజిస్టర్లో నూట అరవై నాలుగు గళ్ళు కొట్టేసి సంతకాలు పెట్టాను. పదమూడున విచారణలో డాక్టరమ్మ పేజీలు తిప్పి, "ఇవన్నీ ఎప్పుడు దిద్దినవ్?" అని అడిగింది. నిన్న అన్నాను. "ఎవరు దిద్దమన్నరు?" అంటే నేనే అన్నాను. నీ పేరు చెప్పలేదు. సంధ్యారాణి మేడం అంతసేపూ కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. చివరికి ఆమె, "పండుకున్నోళ్ళకు గడి ఉంటే రాసేటోళ్ళు మేడం. గడి లేకుంటె మేమే లేదని రాయమన్నం" అన్నది. ఆమె అంత మాట అంటుందని నేను అనుకోలేదు.

నన్ను పనిలోంచి ఆపారు. మళ్ళీ తీసుకునేదీ లేనిదీ తర్వాత చెప్తారట. పొగబండి మాత్రం మరునాడే మా మూడు లైన్లూ తిరిగింది. రాత్రి షిఫ్టు ఇళ్ళకు సాయంత్రం పోవాలని, రిజిస్టర్లో మూడో గడి గీయాలని ఖనిలో అందరు ఆశలకూ కాగితం వచ్చింది. నది అవతల మంచిర్యాల వాళ్ళకు కూడా పంపుతారని విన్నాను.

ఖుష్నుమాకు ఇంకా ఏమీ చెప్పలేదు. ఆమె ఇద్దత్‌లో ఉంది, భర్త పోయాక నాలుగు నెలల పది రోజులు గడప దాటదు. నేను ఆడదాన్ని, పోవచ్చు. రోజూ ఆ లైను మొదలు దాకా పోయి తిరిగొస్తున్నాను.

సంతోషి


బెల్లంపల్లి,
సెప్టెంబరు 23.

బిడ్డా,

వీరేందర్ గండం గడిచిందని చదివి మీ అత్తకు అంతా చెప్పేశాను, స్లైడ్ల సంగతితో సహా. ఆమె శాలువా ఫోటో గోడ మీద నుంచి తీసేసింది. నాతో మాట్లాడటం లేదు. ఎట్లాగూ వినపడదు కనుక నాకు తేడా తెలియదనుకుంటున్నది. తెలుస్తుంది.

ఖుష్నుమా దగ్గరికి పో. ఇయ్యాళ కాదు రేపు అనుకుంటే అది ఎంత దూరం పోతుందో నేను చూశాను.

మామ


గోదావరిఖని,
అక్టోబరు 9.

మామా,

పోయాను. షహజాదీ బేగం చాయ్ తెచ్చి పెట్టింది. ఖుష్నుమా చిన్నపిల్లకు జడ వేస్తున్నది. మనిషి సగమైంది. నేను మొత్తం చెప్పాను, ఆగస్టు పదమూడు సంగతి, గోడకు ఆనించి రాసిన మాట. తర్వాత కొట్టేసి సంతకం పెట్టానని కూడా చెప్పాను. ఆ చివరి మాట ఎందుకు చెప్పానో తెలియదు, మెచ్చుకుంటుందని ఆశపడ్డానేమో.

ఆమె జడ వెయ్యడం ఆపలేదు. అయిపోయాక పిల్లను ఆడుకోమని బయటికి పంపింది. అప్పుడు నా వైపు చూసి అన్నది:

"తప్పు దిద్దుకునేటందుకు నీకు రిజిస్టరన్న ఉన్నది అక్కా. లేపకు అన్నది నేను. నువ్వు అడగకముందే అన్న. నేను ఏడ దిద్దుకోవాలె?"

షహజాదీ బేగం కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. నేను చాయ్ తాగకుండానే లేచి వచ్చాను. నీ దగ్గర జవాబు ఉంటే రాయి. లేకపోతే లేదని రాయి, ఊరికే నీతులు చెప్పకు.

పనిలోకి ఇంకా పిలవలేదు.

సంతోషి


బెల్లంపల్లి,
అక్టోబరు 16.

సంతోషీ,

నీ ఉత్తరం మూడు రోజులు జేబులో పెట్టుకు తిరిగాను. నాలుగో రోజు లస్మవ్వ ఇంటికి పోయాను. ఆమె మాకు రెండు వీధుల అవతలే ఉంటుంది. ముప్పై మూడేళ్ళుగా ఎక్కడ ఎదురైనా "మంచిగున్నవా సదన్నా" అంటుంది, నేను తలూపి పోతాను.

ఈసారి నిలబడి చెప్పాను. నా వేలి రక్తం, రాజమల్లు పేరు, దవాఖానలో నా చీటీ. తిడుతుందనుకున్నాను. ఆమె నా చెవి దగ్గరికి వచ్చి గట్టిగా చెప్పింది. "నేనే సంపుకున్న అనుకుంటి సదన్నా. చలిపెట్టి వణుకుతాంటె, హాజరుకు ఇంక రెండు మస్టర్లే తక్కువున్నయని నేనే డ్యూటీకి తోలిన. గా మాట ఇన్నేండ్లు నెత్తిన ఎత్తుకొని తిరిగిన. కొడుక్కు గూడ చెప్పలే. నువ్వు గప్పుడే చెప్తె నీదేం పోవు?"

నా తప్పుకు రాజమల్లు ఒక్కడే బలి అనుకున్నాను ఇన్నాళ్ళు. నేను నోరు మూసుకున్నందుకు ఈ మనిషి తనను తాను హంతకురాలిని అనుకుంటూ ముసలిదైపోయింది. అది ఏ రిపోర్టులోనూ లేదు. రాజమల్లు పోయిన నాడు ఆమెకు ముప్పై ఏళ్ళు కూడా లేవు. మీ ఖుష్నుమా వయసే ఉంటుంది.

ఖుష్నుమా అడిగినదానికి జవాబు నాకూ తెలియదు. కానీ అలసిపోయి వచ్చిన పెనిమిటిని పడుకోనివ్వడం తప్పు కాదని తెలుసు. అందులో ఆమె దిద్దుకోవాల్సింది ఏమీ లేదు. తలుపు బయట ఉన్నవాళ్ళం సాయంత్రం మళ్ళీ రావాలి. నువ్వు రాలేదు, ఎందుకంటే మళ్ళీ పోవాలని నీకు నేను చెప్పలేదు. నీకు చెప్పకపోవడానికి నా ఒళ్ళు బద్ధకం కారణం. ఈ మాట ఖుష్నుమా నీ నోట వింటే ఓదార్పు అనుకుంటుంది. తప్పు చేసినవాడి నోటనే వినాలి.

ఆదివారం పొద్దున బస్సుకు వస్తున్నాను. మీ అత్త కూడా వస్తానన్నది. ఖుష్నుమా పరాయి మగవాళ్ళ ఎదుటికి రాదని తెలుసు, షహజాదీ బేగంను ముందే అడిగి పెట్టు. నేను బయట అరుగు మీద కూర్చుని చెప్తాను, ఆమె లోపలి నుంచి వింటే చాలు. వినను పొమ్మంటే కూడా కాసేపు కూర్చుంటాను.

మామ సదయ్య